అమ్మ మోకాలి ఆపరేషన్‌కు పదహారు రోజులే ఉంది: తొందరగా లేచి తిరగాలంటే ఇంట్లో ఏం చేయాలి?

వడ్డేపల్లి చెరువుగట్టు – మే 12, రాత్రి 9.40

అందరికీ నమస్తే. మా అమ్మకు 63 ఏళ్లు. నర్సంపేట దగ్గర మిరపతోటల్లో ముప్పై ఏళ్లు వంగి కాయ ఏరిన మనిషి. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, కుడిది మరీ ఎక్కువ. ఇప్పుడు బాత్రూంకు వెళ్లాలన్నా గోడ పట్టుకునే నడుస్తుంది. హన్మకొండలో చూపిస్తే మే 28న కుడి మోకీలు మార్పిడి చేద్దామన్నారు. షుగర్ తొమ్మిదేళ్లుగా ఉంది, బీపీ గోళీ కూడా వేసుకుంటుంది. బరువు 74 కిలోలు.

మా వాడకట్టులో ఒక పెద్దమ్మ ఇదే ఆపరేషన్ చేయించుకుని మూడు నెలలు మంచం దిగలేదు. అది కళ్లారా చూసినప్పటి నుంచి అమ్మకు ఒకటే టెన్షన్. "నేను మంచాన పడితే మీ బతుకులు ఆగమైతయి బిడ్డా" అంటుంది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. జూన్ 12న బడి తెరిస్తే నాకు సెలవు దొరకదు.

అమ్మ కోరిక ఒక్కటే. ఈసారి సద్దుల బతుకమ్మకు చెరువుకట్ట దాకా తన కాళ్ల మీద నడిచి వెళ్లాలి, నలుగురితో కలిసి ఆడాలి. రెండేళ్లుగా కుర్చీలో కూర్చుని చూస్తోంది.

ఆపరేషన్ సంగతి డాక్టర్ చూసుకుంటారు. మా వంతు పని ఏమిటో చెప్పండి.

ఫిజియో సుబేదారి – మే 12, రాత్రి 10.55

అక్కా, మంచి సమయంలో అడిగారు. మా దగ్గరికి చాలామంది ఆపరేషన్ అయ్యాక వస్తారు. అప్పటికే తొడ కండరం సగం నీరసించి ఉంటుంది. నొప్పి వల్ల ఏళ్ల తరబడి ఆ కాలు వాడరు కదా. కొత్త కీలు ఎంత మంచిదైనా దాన్ని కదిలించాల్సింది ఆ పాత కండరమే.

రేపటి నుంచే ఇవి మొదలుపెట్టించండి. మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టండి. మోకాలితో ఆ తువ్వాలును కిందికి నొక్కి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. పదిసార్లు, రోజుకు మూడు పూటలా. తర్వాత వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా కాలు జానెడు ఎత్తు లేపి మెల్లగా దించాలి. పాదాలు ముందుకీ వెనక్కీ ఆడించడం ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు. చేతులున్న కుర్చీలోంచి లేచి నిలబడి మళ్లీ కూర్చోవడం కూడా వ్యాయామమే. మోకాలు మరీ నొప్పి పుడితే లెక్క తగ్గించండి, మానొద్దు.

ఇంకొకటి, వాకర్ ఇప్పుడే తెచ్చుకోండి. ఆపరేషన్ అయిన మర్నాడు, మత్తులో, నొప్పిలో, కొత్త వస్తువు పట్టుకుని నడవడం నేర్చుకోవాలంటే ఎవరికైనా భయమే. ఇంట్లో పది రోజులు పట్టుకు తిరిగిన చేతికి ఆ భయం ఉండదు.

మీ వాడకట్టు పెద్దమ్మ సంగతి నాకు తెలియదు. కానీ మూడు నెలలు మంచం దిగకుండా ఉంటే ఎవరి మోకాలైనా బిగుసుకుపోతుంది.

వార్డు నర్సక్క – మే 13, ఉదయం 6.20

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను. ఎముకల వార్డులో పద్నాలుగేళ్లు చేశాను చెల్లీ. నా మాటగా ముందు రక్తపరీక్షలు చూడండి. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. తక్కువ రక్తంతో లోపలికి వెళ్తే బయటికొచ్చాక తల తిరగడం, నీరసం, నడవలేకపోవడం. షుగర్‌కు మూడు నెలల సగటు పరీక్ష ఉంటుంది, హెచ్‌బీఏ1సీ. చాలామంది డాక్టర్లు అది 8 లోపు ఉంటేనే ముందుకు వెళ్తారు, కొందరు ఇంకా తక్కువ ఉండాలంటారు.

పన్ను పుచ్చి చీము ఉందా, మూత్రంలో మంట ఉందా, మడమలు పగిలి పుండ్లు పడ్డాయా, ఇవన్నీ చూపించండి. శరీరంలో ఎక్కడ ఇన్ఫెక్షన్ ఉన్నా కొత్త కీలుకు చేరే ప్రమాదముంది. ఈ మూడు నెలల్లో ఊళ్లో ఆర్‌ఎంపీ గానీ ఇంకెవరైనా గానీ మోకాట్లో ఇంజక్షన్ ఇచ్చి ఉంటే దాచకుండా చెప్పండి. స్టెరాయిడ్ ఇంజక్షన్ పడిన మోకాలికి మూడు నెలల లోపు ఆపరేషన్ చేస్తే చీము పట్టే అవకాశం పెరుగుతుంది.

వడ్డేపల్లి చెరువుగట్టు – మే 16, సాయంత్రం 7.15

నర్సక్కా, మీరన్నట్టే అయింది. హిమోగ్లోబిన్ 9.6. హెచ్‌బీఏ1సీ 8.9. డాక్టర్ గారు ఆపరేషన్ జూలై 2కు వాయిదా వేశారు. ఐరన్ సెలైన్‌లో ఎక్కిస్తామన్నారు, షుగర్ మందులు మార్చారు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. సెలవులన్నీ సర్దుకుని, తమ్ముణ్ణి హైదరాబాద్ నుంచి రమ్మని, అన్నీ సిద్ధం చేసుకున్నాం. మా పెద్దనాన్న మాత్రం "మంచిదే అయింది, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ, చెమటకు కుట్లు చీము పడుతయి" అంటున్నారు. ఆషాఢం రాకముందే కానివ్వాలని అమ్మ పట్టు. జూలై 2 ఆషాఢానికి ముందే కాబట్టి ఒప్పుకుంది.

మత్తు డాక్టర్ కేఎంసీ – మే 16, రాత్రి 9.05

అమ్మా, వాయిదా వేసిన డాక్టర్ మీ అమ్మగారికి మేలు చేశారు. ఇది అత్యవసర ఆపరేషన్ కాదు. ఆరు వారాలు ఆగితే మోకాలు ఇంకా అరిగేది పెద్దగా ఏమీ ఉండదు. కానీ ఆ ఆరు వారాల్లో రక్తం పెరిగితే బయటి రక్తం ఎక్కించే అవసరం తప్పుతుంది, షుగర్ దిగితే పుండు మానుతుంది.

ఎండాకాలం గురించి: కుట్లకు చీము పట్టేది కేవలం ఎండ వల్ల కాదు. చెమట పట్టి కట్టు తడిస్తే మార్పించుకోవాలి, అంతే.

ముందే ఒంటిని ఇలా సిద్ధం చేసి, ఆపరేషన్ అయ్యాక వీలైతే అదే రోజు లేపి నడిపించే పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో రెండు మాటలు చెప్తాను. 1990లలో డెన్మార్క్‌లో హెన్రిక్ కెలెట్ అనే సర్జన్ పెద్దపేగు ఆపరేషన్లు అయిన వాళ్లను చూసి ఆలోచించారు. కోత మానుతున్నా మనిషి ఎందుకు లేవలేకపోతున్నాడు? నొప్పి, వాంతులు, గంటల తరబడి పస్తు, ఒంటికి తగిలించిన గొట్టాలు, కదలకుండా పడుకోబెట్టడం. ఒక్కొక్కదాన్నీ తగ్గించుకుంటూ వెళ్తే మనుషులు రోజుల ముందే ఇంటికి వెళ్లారు. తర్వాత అదే దారి తుంటి, మోకీలు ఆపరేషన్లకూ వచ్చింది. ఇందులో వింత మందేమీ లేదు. చిన్న చిన్న పనులు పదిహేను, ఇరవై కలిసి చేసే పని ఇది. అందులో సగం ఇంట్లోవాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

పరకాల పత్తిచేను – మే 17, ఉదయం 11.30

వాయిదా వేస్తే బాధపడకండి అక్కా. మా బాపుకు వాయిదా వేయమని అడగకపోయినందుకు నేను ఇప్పటికీ బాధపడుతున్నా. షుగర్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడే ఒక చోట చేయించాం. పత్తి ఏరే పనులు మొదలయ్యేలోపు అయిపోవాలని మేమే తొందరపెట్టాం. వాళ్లూ వద్దనలేదు. పదహారో రోజు కుట్ల దగ్గర నీరు కారడం మొదలైంది. మళ్లీ లోపలికి తీసుకెళ్లి కడిగారు, ఆరు వారాలు యాంటీబయాటిక్ ఇంజక్షన్లు. బాపు ఇప్పుడు నడుస్తున్నాడు గానీ మోకాలు సరిగ్గా వంగదు. పొలం గట్టు ఎక్కలేడు.

బీడీ అలవాటు కూడా ఉండేది. కనీసం నాలుగు వారాల ముందు మానేయాలని మాకు తర్వాత తెలిసింది.

గోదావరిఖని బొగ్గుబాయి – మే 17, మధ్యాహ్నం 3.10

సింగరేణిలో 34 ఏళ్లు చేసి రిటైరైన వాణ్ణి. 2009లో ఎడమ మోకాలు, 2021లో కుడి మోకాలు చేయించుకున్నాను. మొదటిసారి ఐదు రోజులు మంచం దిగనివ్వలేదు. మూత్రానికి గొట్టం, మోకాలికి గొట్టం. అయినా నాకేం కాలేదు, నడిచాను. కాబట్టి అదే రోజు నిలబెట్టకపోతే కొంప మునుగుతుందన్నట్టు ఎవరూ భయపడొద్దని నా మనవి. పెద్ద వయసువాళ్లను బలవంతంగా లేపితే పడిపోయే ప్రమాదం లేదా?

ఫిజియో సుబేదారి – మే 17, సాయంత్రం 6.45

బాపూ, మీ మాట నిజమే, అప్పట్లో అందరికీ అలాగే చేసేవారు, చాలామంది బాగానే నడిచారు. మీరు గనిలో పనిచేసిన మనిషి, కాళ్లలో సత్తువ ఉంది. కానీ పడుకుని ఉన్నన్ని రోజులు పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది. పడిపోతారన్న మీ భయమూ సరైనదే. అందుకే ఎవర్నీ ఒంటరిగా లేపరు. ముందు మంచం అంచున కూర్చోబెట్టి, బీపీ చూసి, తల తిరగడం లేదంటేనే ఇద్దరు పక్కన ఉండి వాకర్‌తో నిలబెడతారు. కళ్లు తిరిగితే మళ్లీ పడుకోబెడతారు, ఇంకో రెండు గంటలకు మళ్లీ చూస్తారు.

2021లో మీకు ఎలా చేశారు బాపూ?

గోదావరిఖని బొగ్గుబాయి – మే 17, రాత్రి 8.00

రెండోసారి మర్నాడు ఉదయమే నడిపించారు. నిజం చెప్పాలంటే మొదటిసారి కర్ర వదలడానికి నాకు మూడు నెలలు పట్టింది. రెండోసారి ఆరు వారాలు.

జగిత్యాల చిన్నకోడలు – మే 18, మధ్యాహ్నం 1.25

తిండి గురించి ఎవరూ రాయలేదు. నేను చేసిన తప్పు ఇంకొకరు చేయకూడదని రాస్తున్నాను.

మా అత్తమ్మ బీడీలు చుట్టి మమ్మల్నందర్నీ సాదింది. నేలమీద కాళ్లు ముడుచుకుని కూర్చుని కూర్చుని మోకాళ్లు పోయాయి. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక ఊరంతా వచ్చి పత్యం చెప్పారు. పప్పు తింటే చీము, గుడ్డు తింటే చీము, వంకాయ వాతం, ఆలుగడ్డ వాతం, మాంసం అసలే వద్దు. నేను భయపడి మూడు వారాలు మెత్తటి అన్నం, చారు, మజ్జిగ మాత్రమే పెట్టాను. అత్తమ్మ మూడు వారాల్లో చిక్కి సగమైంది. కుట్లు ఆలస్యంగా మానాయి. చెకప్‌కు వెళ్తే డాక్టరమ్మ గట్టిగానే అడిగింది: "గోడ కట్టాలంటే ఇటుకలు కావాలా వద్దా? కండ కట్టాలంటే ప్రోటీన్ ఎక్కణ్నించి వస్తది?"

ఆ రోజు నుంచి పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం గట్టి పప్పు, పెరుగు, రాత్రి జొన్నరొట్టెతో శనగలో చికెనో పెట్టాను. పది రోజుల్లో ముఖంలో కళ వచ్చింది. అన్నం చారుతో షుగర్ కూడా పెరుగుతుందట, అదీ నాకు తెలియదు.

పత్యం చెప్పేవాళ్లు ప్రేమతోనే చెప్తారు. అందుకే కాదనడం కష్టం.

మత్తు డాక్టర్ కేఎంసీ – మే 18, రాత్రి 10.15

చిన్నకోడలు గారు రాసింది అక్షరాలా నిజం. 74 కిలోల మనిషికి ఆ రోజుల్లో సుమారు 90 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఒక గుడ్డులో 6 గ్రాములుంటుంది, కప్పు ఉడికిన పప్పులో 7, 8 గ్రాములు. లెక్క వేసి చూడండి, చారన్నంతో ఎప్పటికీ రాదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ను అడిగాకే ఎంత తినాలో నిర్ణయించుకోవాలి. ఐరన్ గోళీలు వాడేవాళ్లు టీతో కలిపి వేసుకోవద్దు. టీకి, గోళీకి మధ్య ఒకటి రెండు గంటలు ఎడం ఉండాలి.

కాజీపేట జంక్షన్ – మే 20, ఉదయం 9.00

ఖర్చు సంగతి కూడా చెప్పుకుందాం. 2017 ఆగస్టులో కేంద్రం మోకీలు ఇంప్లాంట్ల (లోపల పెట్టే కృత్రిమ కీళ్ల) ధరకు పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలు. ఆ పరిమితి ఇంప్లాంట్‌కే, గదికీ సర్జన్ ఫీజుకూ కాదు. అందుకే బిల్లులో ఇంప్లాంట్ ధర, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు విడిగా రాయమని అడగండి. ఆ స్టిక్కర్ డిశ్చార్జ్ కాగితాలతో పాటు దాచుకోండి. పదేళ్ల తర్వాతైనా అవసరం పడుతుంది.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్లో 10 లక్షలైంది. మీ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్ వర్తిస్తుందో లేదో అక్కడి ఆరోగ్యమిత్రను ముందే అడగండి. అడ్మిట్ అయ్యాక అడిగితే టెన్షన్ పడాలి.

మా బాపుది తుంటి. దానికి జాగ్రత్తలు వేరు. కాలు మీద కాలు వేయొద్దన్నారు, తొడ 90 డిగ్రీలు దాటి వంచొద్దన్నారు. మోకాలి వాళ్లకు వంచమని, తుంటి వాళ్లకు వంచొద్దని చెప్తారు. ఒకరి సలహా ఇంకొకరు పాటించకండి.

వడ్డేపల్లి చెరువుగట్టు – జూన్ 23, రాత్రి 8.30

చాలా రోజులకు రాస్తున్నాను. బడి మొదలైంది. తమ్ముడు నెల రోజులు ఇంటి నుంచే పని చేసుకునేలా వచ్చాడు.

మీ మాటలు చదివి ఇల్లంతా తిరిగి చూశాం. నులక మంచం తీసేసి ఎత్తు మంచం వేశాం. కాలిపట్టాలు చుట్టి అటక ఎక్కించాం. బాత్రూంలో కమోడ్ కుర్చీ, గోడకు పట్టుకునే కడ్డీ, రాత్రికి చిన్న బల్బు. అన్నిటికన్నా పెద్ద సమస్య గడప. మాది పాత ఇల్లు. మధ్య గదికి నాలుగు వేళ్ల ఎత్తు గడప, అమ్మ ప్రతి శుక్రవారం పసుపు రాసి బొట్లు పెడుతుంది. దాన్ని చెక్కించేద్దామంటే ఒప్పుకోలేదు. సుబేదారి ఫిజియో గారిని అడిగితే నేర్పారు: ముందు వాకర్ నాలుగు కాళ్లూ గడప అవతల గట్టిగా ఆనాలి, తర్వాత ఆపరేషన్ కాలు, ఆ తర్వాత మంచి కాలు. అమ్మ రోజూ పొద్దున, సాయంత్రం పదిసార్లు గడప దాటుతోంది. మొదటి రోజు వాకర్ జారింది. చూస్తే అద్దెకు తెచ్చిన వాకర్ కింది రబ్బరు బుడిపెలు రెండు పూర్తిగా అరిగి ఇనుము బయటపడింది. ఇరవై రూపాయలకొకటి కొత్తవి వేయించాం. అద్దెకు తెచ్చేవాళ్లు తిరగేసి చూసుకోండి.

హిమోగ్లోబిన్ 11.9 అయింది. హెచ్‌బీఏ1సీ 7.7. డాక్టర్ సరేనన్నారు.

మత్తు డాక్టర్ కేఎంసీ – జూన్ 24, ఉదయం 7.10

చాలా బాగా చేశారు. మందుల విషయం ఒకటి. కొత్తగా రాసిన షుగర్ మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్ లాంటిది ఉంటే దాన్ని సుమారు మూడు రోజుల ముందే ఆపాల్సి ఉంటుంది. గుండెకు వాడే రక్తం పలుచన చేసే గోళీలున్నా ఎప్పుడు ఆపాలో రాయించుకోండి. సొంతంగా ఏదీ ఆపొద్దు. నాటు మందు, పసరు ఏది వాడుతున్నా మాకు చెప్పాలి.

ఇంకొకటి పస్తు గురించి. రాత్రి తొమ్మిదింటి నుంచి చుక్క నీళ్లు కూడా ముట్టొద్దని ఇంకా చాలాచోట్ల చెప్తుంటారు. సాధారణంగా అన్నం లాంటివి ఆరు గంటల ముందు ఆపితే చాలు, మంచినీళ్లు, పాలు లేని టీ రెండు గంటల ముందు దాకా తాగొచ్చు. పాలు, మజ్జిగ, అంబలి నీళ్ల లెక్కలోకి రావు, అవి ఆహారమే. పన్నెండు గంటలు గొంతెండి ఉన్న మనిషికి వాంతులు, తలనొప్పి, బీపీ పడిపోవడం ఎక్కువ. షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు పొట్ట ఆలస్యంగా ఖాళీ అవుతుంది కాబట్టి మీ అమ్మగారికి ఎన్ని గంటలో మీ మత్తు డాక్టరే చెప్పాలి. మీరు మాత్రం అడగండి.

ఆపరేషన్లో రక్తం పోకుండా ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇస్తారు. జపాన్‌లో ఉటాకో ఒకమోటో అనే డాక్టరమ్మ, ఆమె భర్త కలిసి 1962లో వెలుగులోకి తెచ్చిన మందు అది. బాలింతల రక్తస్రావం ఆపాలని ఆమె వెతికిన మందు ఇవాళ మన అమ్మల మోకాళ్లకూ ఉపయోగపడుతోంది.

వడ్డేపల్లి చెరువుగట్టు – జూలై 2, రాత్రి 9.20

అయింది. నడుముకు మత్తు, తొడ దగ్గర నరానికి ఇంకో ఇంజక్షన్. సాయంత్రం ఆరు గంటలకు నిలబెట్టారు. మంచం నుంచి తలుపు దాకా, మళ్లీ వెనక్కి. తలుపు దగ్గర ఆగి "గడప లేదేంది?" అని అడిగింది. అక్కడున్న సిస్టర్లందరికీ ఇంటి గడప కథ చెప్పాను.

మూత్రం గొట్టం పెట్టలేదు. ఇడ్లీ తిన్నది. "ఇంతేనా నొప్పి?" అంటోంది.

వడ్డేపల్లి చెరువుగట్టు – జూలై 4, తెల్లవారుజామున 4.05

ఎవరైనా మేలుకుని ఉన్నారా? నిన్న మధ్యాహ్నం నుంచి నొప్పి భరించలేకపోతోంది. ఫిజియో వస్తే ముట్టుకోనివ్వలేదు. "నన్ను చంపకండి" అని ఏడ్చింది. మొదటి రోజు అంత బాగా నడిచిన మనిషి. ఏదో తప్పు జరిగిందేమోనని భయంగా ఉంది.

వార్డు నర్సక్క – జూలై 4, తెల్లవారుజామున 4.20

డ్యూటీలోనే ఉన్నా చెల్లీ. భయపడకు. మొదటి రోజు నరానికిచ్చిన మందు పని చేస్తూ ఉంటుంది. అది దిగాక రెండో రోజు నొప్పి పైకి లేస్తుంది. దాదాపు అందరికీ ఇంతే, ముందే చెప్పకపోతే ఏదో అయిందనుకుంటారు. ఇప్పుడే డ్యూటీ సిస్టర్ను పిలిచి నొప్పి పదికి ఎంతో అమ్మతోనే చెప్పించు. మన అమ్మలు ఓర్చుకుంటారు, అడగరు. ఓర్చుకోవడం ఇక్కడ పనికిరాదు. నొప్పి ముదిరాక గోళీ వేస్తే ఆలస్యంగా అందుకుంటుంది. టైము ప్రకారం వేసుకోవాలి. పొద్దున ఫిజియో రావడానికి అరగంట, ముప్పావుగంట ముందు మందు పడేలా చూడు.

పిక్క ముట్టుకుని చూడు. ఒక్క పిక్కే గట్టిపడి బాగా వాచిందా? ఆయాసం, ఛాతీలో నొప్పి ఉన్నాయా? ఏ ఒక్కటి ఉన్నా డాక్టర్ను ఇప్పుడే పిలిపించు. ఇంటికి వెళ్లాక అలా అయితే ఆలోచించకుండా 108కు ఫోన్ చేయాలి.

వడ్డేపల్లి చెరువుగట్టు – జూలై 4, సాయంత్రం 6.40

నర్సక్కా, మీ కాళ్లకు దండం. పిక్క మెత్తగానే ఉంది. సిస్టర్ మందు మార్చింది, ఐస్ ప్యాక్ బట్టలో చుట్టి ఇరవై నిమిషాలు పెట్టారు. పదకొండింటికి ఫిజియోతో వరండా చివర దాకా నడిచింది. మోకాలు 70 డిగ్రీలు వంగిందట. రేపు డిశ్చార్జ్.

వడ్డేపల్లి చెరువుగట్టు – జూలై 9, రాత్రి 9.50

ఇంటికొచ్చాక రోజూ పలకరించడానికి చుట్టాలు. నర్సంపేట నుంచి టాటా ఏస్ కట్టించుకుని పద్నాలుగు మంది వచ్చారు. బ్రెడ్డు, బత్తాయిలు, కన్నీళ్లు. అందరూ మంచం మీదే కూర్చుంటారు. "లేవకు వదినా, పండుకో" అంటారు. మా చిన్నమ్మ ప్రేమగా మోకాలి కింద పెద్ద దిండు పెట్టింది, అమ్మకు హాయిగా ఉందని మూడు రోజులుగా అలాగే పడుకుంటోంది. ఇది సరైనదేనా?

ఫిజియో సుబేదారి – జూలై 9, రాత్రి 10.05

ఆ దిండు ఈ రాత్రే తీసేయండి అక్కా. హాయిగా ఉంటుంది, అందుకే ప్రమాదం. మోకాలు వంగి ఉన్న చోటే బిగుసుకుంటుంది, తర్వాత కాలు పూర్తిగా చాపడం రాదు, జీవితాంతం కుంటుతూ నడవాలి. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టండి, మోకాలు గాల్లో ఉండి తన బరువుకు తనే చాపుకుంటుంది. పది నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. వంగడం గురించి అందరూ అడుగుతారు, చాపడం గురించి ఎవరూ అడగరు. నడకకు చాపడమే ముఖ్యం.

రెండు వారాలకు 90 డిగ్రీలు వంగాలని చూసుకుంటాం.

జగిత్యాల చిన్నకోడలు – జూలై 10, ఉదయం 8.15

చుట్టాల కోసం మేం చేసిన ఉపాయం: వాకిట్లో కుర్చీలు వేశాం. అత్తమ్మే వాకర్‌తో బయటికి నడిచొచ్చి పలకరించేది. వచ్చిన ప్రతి ఒక్కరితో ఒక నడక అయ్యేది. మంచం దాకా ఎవరూ రాలేదు, ఎవరి మనసూ నొవ్వలేదు.

వార్డు నర్సక్క – జూలై 10, మధ్యాహ్నం 2.30

కుట్ల మీద పసుపు, నూనె, బూడిద ఏదీ రాయనివ్వకు. కాలు తోమే వాళ్లను పిలిపిస్తామంటే వద్దని చెప్పు. వాపు, వేడి కొన్ని వారాలు ఉంటాయి, కుట్టు బయటి వైపు మొద్దుబారినట్టు ఉంటుంది, అది మామూలే. ఎరుపు పెరుగుతూ పోయినా, నీరు కారినా, చలిజ్వరం వచ్చినా ఆ రోజే ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. ఊళ్లో యాంటీబయాటిక్ వాడి చూద్దామనుకోవద్దు.

వడ్డేపల్లి చెరువుగట్టు – జూలై 25, రాత్రి 11.40

కుట్లు విప్పి తొమ్మిది రోజులైంది. 95 డిగ్రీలు వంగుతోంది, పూర్తిగా చాపుతోంది. అయినా అమ్మ సంతోషంగా లేదు. రాత్రి నిద్ర పట్టదు. రెండింటికి లేచి కూర్చుంటుంది. నిన్న రాత్రి నేను లేచి చూస్తే చీకట్లో మోకాలి మీద చెయ్యి వేసుకుని ఏడుస్తోంది. "ఎందుకు చేయించుకున్ననో" అంది. నాకేం చెప్పాలో తెలియలేదు.

గోదావరిఖని బొగ్గుబాయి – జూలై 26, ఉదయం 5.30

బిడ్డా, ఇది నేను చెప్తాను. రెండుసార్లు నాకూ ఇదే. మూడో వారం, నాలుగో వారం చాలా చెడ్డవి. చుట్టాలు రావడం ఆగిపోతుంది, నొప్పి పూర్తిగా పోదు, నిద్ర ఉండదు. గనిలో పైకప్పు కూలినా భయపడని నేను, నా భార్య చూడకుండా గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు. ఆరో వారం నుంచి తేలికైంది.

మీ అమ్మకు నా మాటగా చెప్పు. పగలు పడుకోనివ్వకు. రాత్రి మందు టైము డాక్టర్ను అడిగి పడుకునే ముందుకు మార్పించు. సాయంత్రం ఎవరైనా పక్కన కూర్చుని మాట్లాడాలి, మోకాలి గురించి కాదు, మిరపతోట గురించి. మీ అమ్మను ఫోన్లో మాట్లాడమను, నా నంబరు ప్రైవేట్ మెసేజ్‌లో పంపిస్తాను.

వడ్డేపల్లి చెరువుగట్టు – జూలై 27, రాత్రి 8.10

ముప్పావుగంట మాట్లాడారు బాపూ. చపాటా మిర్చి ధరల నుంచి సింగరేణి బోనస్ దాకా. రాత్రి నాలుగు గంటలు నిద్రపోయింది.

వడ్డేపల్లి చెరువుగట్టు – ఆగస్టు 18, సాయంత్రం 5.45

వాకర్ వదిలేసింది. కర్ర ఎడమ చేత్తో పట్టుకోమన్నారు, ఆపరేషన్ కాలికి ఎదురు చేత్తో. మాకు ముందు తప్పుగానే అనిపించింది, పట్టుకుంటే తేడా తెలిసింది. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు. 112 డిగ్రీలు.

పరకాల పత్తిచేను – ఆగస్టు 18, రాత్రి 7.30

ఇది బాపుకు చదివి వినిపించాను. సుబేదారి సార్, రెండేళ్ల తర్వాత కూడా ఆయన మోకాలికి ఏమైనా చేయొచ్చా?

ఫిజియో సుబేదారి – ఆగస్టు 18, రాత్రి 8.00

ముందు ఇన్ఫెక్షన్ పూర్తిగా పోయిందో లేదో సర్జన్ చూడాలి తమ్ముడూ. పోతే తొడ బలం పెంచొచ్చు, నడక మెరుగవుతుంది. వంపు ఎంత తిరిగొస్తుందో చూడకుండా చెప్పలేను. పాత కాగితాలతో సహా తీసుకురండి.

వడ్డేపల్లి చెరువుగట్టు – అక్టోబర్ 10, రాత్రి 11.15

అమ్మ ఆడింది.

పొద్దున తంగేడు, గునుగు తనే పేర్చింది, ఎత్తు పీట మీద కూర్చుని. నేల మీద కూర్చోవద్దని డాక్టర్ చెప్పారు, విన్నది. సాయంత్రం చెరువుకట్ట దాకా కర్రతో నడిచింది, బతుకమ్మను తమ్ముడు మోశాడు. కట్ట మీద కర్ర నా చేతికిచ్చి వరుసలో కలిసింది. కిందికి వంగి చప్పట్లు కొట్టలేదు, నిలబడే కొట్టింది. రెండు చుట్లు తిరిగి ఆగింది, నీళ్లు తాగింది, మళ్లీ కలిసింది. మొత్తం ఐదు చుట్లు. మా వాడకట్టు పెద్దమ్మ కుర్చీలో కూర్చుని చూస్తూ ఉంటే అమ్మ పోయి ఆమె చెయ్యి పట్టుకుని, "దిండు పెట్టిన్రా నీకు?" అని అడిగింది.

ఎడమ మోకాలు సంక్రాంతి దాటాక చేద్దామన్నారు. రక్తపరీక్షలకు సోమవారం వెళ్తున్నాం. కొత్త బుడిపెలు వేయించిన ఆ వాకర్‌ను తిరిగివ్వకుండా కొనేశాం.